డీవీడీ డయోడ్ ఎందుకు మసకబారింది, బ్యారేజీ దాటాలంటే ఏం కావాలి: గుంటూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లేజర్ పాయింటర్ చేద్దామని పాత డీవీడీ రైటర్ విప్పి ఎర్ర లేజర్ డయోడ్ (కరెంటు ఇస్తే లేజర్ కాంతి ఇచ్చే చిన్న భాగం) తీశావు. 9 వోల్టుల బ్యాటరీకి 100 ఓంల రెసిస్టర్ వేసి కలిపావు. మొదట గోడ మీద గట్టిగానే వెలిగింది. రెండు నిమిషాల్లో మసకబారింది. ఇప్పుడు భూతద్దం పెట్టినా ఎర్రటి చార తప్ప చుక్క రావడం లేదు. దీన్ని వదిలేసి 2 వాట్ల నీలం డయోడ్ కొననా, దానికి హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) ఎంతుండాలి, ప్రకాశం బ్యారేజీకి బెజవాడ వైపు నిలబడి కొడితే సీతానగరం ఒడ్డున చుక్క పడాలంటే ఎంత పవర్ కావాలి అని అడిగావు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా పొరపాట్లన్నీ అందులోంచే వచ్చాయి.

బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు. చేత్తో చేసిన మంచి పాయింటర్‌లో కిరణం ఒక మిల్లీరేడియన్ చొప్పున విచ్చుకుంటుంది. అంటే మీటరు దూరం వెళ్లే కొద్దీ మిల్లీమీటరు చొప్పున వెడల్పు పెరుగుతుంది. అవతలి ఒడ్డు చేరేసరికి అది చుక్కగా ఉండదు, 1.2 మీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. 5 మిల్లీవాట్ల ఎర్ర కాంతి అంత మేర పరుచుకుంటే అక్కడి గోడ మీద పడేది దాదాపు పున్నమి వెన్నెలంత వెలుగు. 2 వాట్లు పెట్టినా ఆ వెడల్పు తగ్గదు. పైగా ఎక్కువ పవర్ నీలం డయోడ్లలో కాంతి బయటికొచ్చే గీత వెడల్పుగా ఉంటుంది కాబట్టి, అదే లెన్స్ కింద ఆ కిరణం ఇంకా ఎక్కువ విచ్చుకుంటుంది. దూరాన చుక్క చిన్నగా ఉండటమనేది లెన్స్ పని. డయోడ్ ఎన్నాళ్లు బతుకుతుందనేది కరెంటు, వేడి తేలుస్తాయి. ఈ రెండూ కుదిరాక చూడాల్సింది పవర్. నువ్వు పవర్‌తో మొదలుపెట్టావు.

ఇంకో సంగతి. ఆ బ్యారేజీ మీద బండ్లు తిరుగుతూనే ఉంటాయి. బైక్ మీద వచ్చే మనిషి కంట్లో ఆ వెలుగు పడితే రెండు సెకన్లు రోడ్డు కనపడదు. డాబా మీద నుంచి ఆకాశంలోకి కొట్టడం కూడా అంతే. గన్నవరంలో దిగే విమానాలు ఎంత కిందుగా వస్తాయో నీకూ తెలుసు. పైలట్ కళ్లకు లేజర్ కొట్టడం నేరం, కేసులు పెడతారు. దూరం పరీక్షించాలంటే కాలేజీలో పొడవాటి వరండా చూసుకో. ఎవరూ లేని సమయంలో, చివర గోడకు మెరుపు లేని నల్ల చార్టు అంటించి చూడు. 30 మీటర్లు దొరికితే లెన్స్ సంగతి మొత్తం తేలిపోతుంది.

ఇక నీ డయోడ్ ఎందుకు పోయిందో చూద్దాం. నేను సూర్యారావుపేటలో చాలా ఏళ్లు డీవీడీ ప్లేయర్లు, ప్రొజెక్టర్లు రిపేరు చేశాను. పోయిన లేజర్ డయోడ్లు డబ్బాల కొద్దీ చూశాను. బయటికి చూస్తే పోయిన దానికీ, బాగున్న దానికీ ఏ తేడా ఉండదు. కరెంటు ఇస్తే వెలుగుతుంది కూడా. కాకపోతే లేజర్‌లా కాదు, మామూలు ఎల్‌ఈడీలా. లోపలి చిప్‌కి రెండు చివర్లా అద్దాల్లాంటి అంచులుంటాయి. కాంతి వాటి మధ్య అటూ ఇటూ తిరిగి బలపడుతుంది. ఆ అంచు ఒక్క క్షణం మితిమీరిన కాంతికి కరిగిందంటే ఇక లేజర్ పుట్టదు. మెల్లగా ఎర్రగా వెలగడమే మిగులుతుంది. నువ్వు చెప్పిన లక్షణాలు అచ్చంగా ఇవే.

నీ లెక్క ప్రకారం కరెంటు ఎక్కువేం కాదు. 9 లోంచి డయోడ్ తీసుకునే 2.3 వోల్టులు పోతే 6.7, దాన్ని 100తో భాగిస్తే 67 మిల్లీ ఆంపియర్లు. రైటర్ డయోడ్‌కి అది భారం కాదు. అందుకే నాకు అనుమానం మూడు చోట్లకు పోతోంది. ఒకటి, నీ సోల్డరింగ్ ఐరన్. రెండు పిన్నుల ఐరన్ అయితే ఎర్త్ ఉండదు. దాని మొనలోంచి ఇంట్లో కరెంటు కొద్దికొద్దిగా లీకవుతుంది. మన చేతికి అది తెలియదు, డయోడ్‌కి మాత్రం చాలా ఎక్కువ. లేజర్ డయోడ్ వెనక్కి తట్టుకునేది 2 వోల్టులే. కాబట్టి ఐరన్ బాగా వేడెక్కాక ప్లగ్గు పీకేసి, ఆ వేడితోనే మూడు సెకన్లలో కాలు అంటించాలి. రెండోది స్టాటిక్, అంటే ఒంట్లో, బట్టల్లో పోగయ్యే స్థిర విద్యుత్తు. డయోడ్ తీసేటప్పుడు దాని మూడు కాళ్లనూ సన్నటి రాగి తీగతో కలిపి చుట్టేసి, సర్క్యూట్ అంతా అయ్యాకే ఆ తీగ విప్పాలి. మూడోది వేడి. డయోడ్‌ని నువ్వు గాల్లో, వైర్లకు వేలాడదీసి వెలిగించావు. అందుకే రెండు నిమిషాలు పట్టింది.

అంతకంటే ముఖ్యమైన అనుమానం ఇంకొకటుంది. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకు. డీవీడీ రైటర్ హెడ్‌లో రెండు లేజర్లుంటాయి. డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, సీడీకి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (ఈ అంకె కాంతి తరంగదైర్ఘ్యం, రంగును తేల్చేది అదే). కొన్నింట్లో రెండూ ఒకే టోపీ (డయోడ్ మీది లోహపు మూత) కింద ఉంటాయి. 780 అంటే దాదాపు కంటికి కనపడని కాంతి. కానీ కొద్దిగా ఎర్రగా, మసగ్గా కనిపిస్తుంది. "ఇది పోయిందిలే" అని దగ్గరికెళ్లి తొంగి చూసేంత మసగ్గా. కన్ను దాన్ని చూడకపోయినా, కంటి లోపలి లెన్స్ మాత్రం మొత్తం కాంతిని రెటీనా మీద ఒక్క చోటికి చేరుస్తుంది. కాబట్టి ఆ డయోడ్‌లోకి ఇంకెప్పుడూ చూడకు, భూతద్దంతో అసలే వద్దు. వెలిగించి, నువ్వు కరెంటు ఇచ్చిన రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టు. 2 వోల్టుల లోపు చూపిస్తే అది ఇన్‌ఫ్రారెడ్ అనుకో. 2.2 దాటితే ఎరుపు.

ఏదైనా గానీ, దాన్ని పక్కన పెట్టు. నా సలహా 5 మిల్లీవాట్ల లోపు డయోడ్ కొత్తది తీసుకోమని. 650 కాకుండా 635 నానోమీటర్లది అడుగు. ధర కాస్త ఎక్కువే, కానీ మన కన్ను 635ని 650 కంటే రెండింతలు కాంతివంతంగా చూస్తుంది. కంటికి అన్నిటికన్నా బాగా కనిపించేది 555 దగ్గరి ఆకుపచ్చ. అటు వెళ్లే కొద్దీ అదే పవర్‌లో వెలుగు పెరుగుతుంది. నీకు కావాల్సింది పవర్ కాదు, కనపడటం. దానికి ఇదే దగ్గరి దారి. ఆకుపచ్చ పాయింటరే కొందామనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. చవకరకం 532 వాటిలో లోపల 808 ఇన్‌ఫ్రారెడ్ డయోడ్ ఉంటుంది. అది ఒక క్రిస్టల్‌ని వెలిగిస్తే 1064 పుడుతుంది, ఇంకో క్రిస్టల్ దాన్ని సగం చేసి 532 ఇస్తుంది. చివర్లో ఫిల్టర్ పెట్టకుండా డబ్బు మిగుల్చుకుంటే, ఆకుపచ్చతో పాటు కనపడని ఇన్‌ఫ్రారెడ్ కూడా బయటికొస్తుంది.

ఇక డ్రైవర్, అంటే డయోడ్‌కి కరెంటు అందించే సర్క్యూట్ సంగతి. రెసిస్టర్ ఒక్కటే వేస్తే బ్యాటరీ దిగే కొద్దీ కరెంటు మారుతూ ఉంటుంది. ఎల్‌ఎం317 ఐసీ తెచ్చుకో, గవర్నరుపేట షాపుల్లో చాలా చవక. దాని అవుట్, ఎడ్జస్ట్ కాళ్ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, ఎడ్జస్ట్ కాలి నుంచి డయోడ్‌కి వైరు తీసుకుంటే కరెంటు స్థిరంగా ఉంటుంది. 1.25ని ఓంలతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 47 ఓంలు పెడితే సుమారు 27 మిల్లీ ఆంపియర్లు, 39 పెడితే 32. నువ్వు కొన్న డయోడ్ డేటాషీట్ చూసి, అందులో ఉన్నదానికి కాస్త తక్కువే పెట్టుకో. ఐసీకి, డయోడ్‌కి కలిపి కనీసం ఐదున్నర, ఆరు వోల్టులు కావాలి కాబట్టి 9 వోల్టుల బ్యాటరీ గానీ రెండు లిథియం సెల్స్ గానీ సరిపోతాయి. మూడు పెన్‌సెల్స్‌తో ఇది నడవదు.

డయోడ్ కలిపే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాటేసేది ఇదే. లేజర్ డయోడ్ చోట మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు (లేజర్‌వి కావు) వరసగా, వాటితో ఒక 1 ఓం రెసిస్టర్ పెట్టు. ఒక్కోటీ 0.7 వోల్టు తీసుకుంటుంది కాబట్టి మూడూ కలిసి ఎర్ర లేజర్‌లాగే ప్రవర్తిస్తాయి. స్విచ్ వేసి 1 ఓం మీద మిల్లీవోల్టులు కొలువు. 27 మిల్లీవోల్టులు చూపిస్తే 27 మిల్లీ ఆంపియర్లు. స్విచ్ పదిసార్లు వేసి తీసి చూడు, అంకె ఎగిరెగిరి పడకూడదు. కెపాసిటర్ ఏదైనా పెట్టి ఉంటే, లేజర్ డయోడ్ కలిపే ముందు దాని రెండు కాళ్లూ కలిపి ఖాళీ చెయ్యి. నిండిన కెపాసిటర్‌కి కొత్త డయోడ్ తగిలిస్తే, ఒక్క తళుకుతో అది పోతుంది.

హీట్ సింక్ గురించి ఎక్కువగా చెప్పాలి. మన ఊళ్లలో ఇదే అసలు సమస్య.

నీ 5 మిల్లీవాట్ల డయోడ్ తీసుకునేది 2.3 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు, అంటే 70 మిల్లీవాట్లు. కాంతి పోను 65 వేడి. 12 మిల్లీమీటర్ల ఇత్తడి మాడ్యూల్‌లో (డయోడ్, లెన్స్ బిగించే చిన్న గొట్టం) గట్టిగా కూర్చోబెడితే అదే చాలు. నువ్వు అడిగిన నీలం సంగతి చూడు. 1.2 ఆంపియర్లు, 4.5 వోల్టులు అంటే 5.4 వాట్లు లోపలికి. కాంతిగా వాటున్నర వచ్చిందనుకున్నా, దాదాపు 4 వాట్లు ఆ చిన్న టోపీ కింద వేడిగా మిగులుతుంది. 25 మిల్లీమీటర్ల లావు, 40 పొడవు అల్యూమినియం ముక్కకు బోర్ వేస్తే సుమారు 40 గ్రాములు తూగుతుంది. 4 వాట్లకు అది నిమిషానికి ఆరు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. మే నెలలో మధ్యాహ్నం బెజవాడలో గదిలోనే 42 డిగ్రీలుంటే, మూడు నిమిషాల్లో ఆ ముక్క 60 దాటుతుంది. చిప్ దానికంటే వేడిగా ఉంటుంది. విదేశీ వీడియోల్లో 20 డిగ్రీల గదిలో పది నిమిషాలు వెలిగించి చూపించినదాన్ని మనం ఇక్కడ నమ్ముకోకూడదు. వేడి పెరిగితే లేజర్ మొదలవడానికే ఎక్కువ కరెంటు కావాలి. అదే కరెంటుకు వెలుగు తగ్గుతుంది. తగ్గిందని మనం కరెంటు పెంచుతాం, ఇంకా వేడెక్కుతుంది. అలా పోయినవే ఎక్కువ.

లోహం ఎంచుకోవడం కూడా తెలియాలి. వేడిని లాగడంలో మనం వాడే లోహాల్లో రాగి మేలు. అల్యూమినియం అందులో సగం. ఇత్తడి అల్యూమినియంలో సగం. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే రాగిలో ఇరవయ్యో వంతు కూడా లాగదు. మెరుస్తూ బరువుగా ఉందని స్టీలు టార్చి బాడీలో డయోడ్ బిగిస్తే, అది హీట్ సింక్ కాదు, డయోడ్‌కి కప్పిన దుప్పటి.

నాకు కావాల్సినవి నేను ఆటోనగర్‌లో చేయించుకునేవాణ్ణి. లేత్ మిషన్ మీద అల్యూమినియం రాడ్ ముక్కకు 12 మిల్లీమీటర్ల బోర్ వెయ్యమని అడిగితే పది నిమిషాల పని. మొదటిసారి డ్రిల్‌తోనే వేయించుకుని తెచ్చాను. మాడ్యూల్ లోపల గలగలమంది. మళ్లీ వెళితే ఆ మిస్త్రీ రీమర్ (రంధ్రాన్ని నున్నగా, సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) తీసి, నూనె చుక్క వేసి, చేత్తో తిప్పాడు. తళతళలాడే తీగల్లా రాలిన చూర్ణాన్ని ఊది, గుడ్డతో తుడిచి, కింది రంధ్రాన్ని బొటనవేలితో మూసి, పైనుంచి మాడ్యూల్ వదిలాడు. అది టపీమని పడలేదు. లోపలి గాలి అడ్డుపడుతున్నట్టు మెల్లగా, ఆగి ఆగి దిగింది. వేలు తీయగానే జారి అరచేతిలో పడింది. "ఇదీ ఫిట్టంటే" అన్నాడు. అప్పటి నుంచి నా కొలత అదే. అంత బిగువుగా ఉంటే థర్మల్ పేస్ట్ పొర జుట్టు వెంట్రుక కంటే పలచగా చాలు. పేస్ట్ ఎక్కువ పూస్తే మేలని కొందరు ముద్దలు పెడతారు. లోహానికి లోహం తగిలితే వేడి పోయినంత బాగా పేస్ట్‌లోంచి పోదు. అది సందులు పూడ్చడానికే. పక్కనుంచి ఒక చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని మర) బిగించుకో. సూపర్ గ్లూ మాత్రం వాడకు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి డయోడ్ కిటికీ మీద, లెన్స్ మీద తెల్లగా పొగమంచులా పడుతుంది, మళ్లీ పోదు.

డయోడ్‌ని మాడ్యూల్‌లోకి నొక్కేటప్పుడు అంచు మీదే బలం పడాలి. కిటికీ మీద ఏదీ తగలకూడదు. ఇంకొకటి, టోపీ డయోడ్ కాళ్లలో ఒకదానికి లోపలే కలిసి ఉంటుంది. అంటే నీ హీట్ సింక్ మొత్తానికి బ్యాటరీ ప్లస్ గానీ మైనస్ గానీ చేరుతుంది. ఏ కాలో మల్టీమీటర్ కంటిన్యుటీలో చూసుకున్నాకే లోహపు బాడీకి స్విచ్ బిగించు.

ఇప్పుడు లెన్స్. భూతద్దంతో ఎందుకు కుదరదంటే, డయోడ్ నుంచి కాంతి సూదిలా రాదు. ఒక దిక్కున సుమారు 30 డిగ్రీలు, దానికి అడ్డంగా 8, 10 డిగ్రీలు విచ్చుకుంటూ కోలగా వస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే లెన్స్ దాదాపు డయోడ్ ముక్కు మీద కూర్చోవాలి. నాలుగైదు మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న యాస్ఫెరిక్ లెన్స్ (వంపు పూర్తి గోళంలా ఉండనిది) కావాలి. మాడ్యూల్‌తో పాటు వచ్చే అక్రిలిక్ లెన్స్ నేర్చుకోవడానికి చాలు. తర్వాత గాజుది మార్చుకుంటే చుక్క చుట్టూ ఉండే పొగలాంటి వెలుగు తగ్గుతుంది. మరలు సన్నగా, అర మిల్లీమీటరు పిచ్‌తో ఉంటాయి కాబట్టి పావు చుట్టు తిప్పినా తేడా తెలుస్తుంది.

ఫోకస్ చేసేటప్పుడు నేను ఒక అగరుబత్తి వెలిగించి పెట్టుకుంటాను. గదిలో లైటు ఆర్పి, కిరణాన్ని గోడకు ఎక్కుపెట్టి, పొగను దాని మీదుగా పోనిస్తే కిరణం మొత్తం ఆకారం కనపడుతుంది. లెన్స్ దూరంగా ఉంటే కిరణం ఒక చోట సన్నబడి మళ్లీ విచ్చుకుంటుంది, చెంచా పిడిలా. దగ్గరగా ఉంటే మొదటి నుంచీ గరాటులా విచ్చుకుంటుంది. మెల్లగా తిప్పుతూ ఉంటే ఒక చోట ఆ రెండూ కాకుండా దారంలా సాగుతుంది. అక్కడ ఆపు. తర్వాత 2 మీటర్ల దగ్గరా, 15 మీటర్ల దగ్గరా చుక్కను స్కేలుతో కొలువు. మీటరుకు మిల్లీమీటరు లెక్కన తేడా 13 మిల్లీమీటర్లకు మించకపోతే నీ పాయింటర్ కుదిరినట్టే. చుక్క కోలగా ఉండటం డయోడ్ స్వభావం, నీ తప్పు కాదు. లెన్స్ మీద దుమ్ము పడితే చొక్కా అంచుతో తుడవకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒకే దిక్కుగా తుడువు.

పవర్ కంటితో అంచనా కట్టకూడదు. లేజర్ పవర్ మీటరు కొనలేకపోతే బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ (కాంతి పడితే కరెంటు పోనిచ్చే డయోడ్) తెచ్చుకుని, 9 వోల్టుల బ్యాటరీకి తిరగేసి కలిపి, మధ్యలో మల్టీమీటర్‌ని మిల్లీ ఆంపియర్లలో పెట్టు. చుక్క మొత్తం దాని చిన్న చదరంలో పడేలా చూడు. ఎర్ర కాంతికి మిల్లీవాట్‌కు సుమారు 0.4 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. 2 దాటితే నువ్వు 5 మిల్లీవాట్లు దాటావు, కరెంటు తగ్గించు.

కళ్ల గురించి నీకు ఎవరైనా గట్టిగా చెప్పారో లేదో తెలియదు, నేను చెబుతాను. 1 మిల్లీవాటు వరకు కన్ను పావు సెకనులో రెప్పవేసి తనను తాను కాపాడుకుంటుంది. 5 వరకు ప్రమాదం తక్కువ, అయినా నేరుగా చూడకూడదు. 500 దాటితే గోడ మీద చుక్కను దగ్గర నుంచి చూడటం కూడా ప్రమాదమే. నువ్వు అడిగిన 2 వాట్లు దానికి నాలుగింతలు. అక్కడ రెప్ప వేసే టైమ్ ఉండదు. రెటీనాకు నొప్పి తెలియదు, పోయిన చోటు మళ్లీ రాదు.

నాకే ఒకసారి జరిగింది. రైటర్ డయోడ్‌తో బల్ల మీద ఏదో సర్దుతున్నాను, 150 మిల్లీవాట్ల దాకా ఉంటుంది. కళ్లద్దాలు పక్కనే ఉన్నాయి, పెట్టుకోలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టింది. నేను మాడ్యూల్ తిప్పగానే గ్లాసు వంపు మీద కిరణం పడి కంట్లో తళుక్కుమంది. ఆ రాత్రంతా ఎటు చూసినా ఎడమ కంట్లో ఆకుపచ్చ మచ్చ కనిపిస్తూనే ఉంది. నిద్ర పట్టలేదు. తెల్లారాక అది పోయింది, డాక్టర్ రెటీనా చూసి ఏమీ కాలేదన్నారు. నేరుగా కాక, గుండ్రటి గ్లాసు మీద పడి చెదిరి వచ్చింది కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత నా బల్ల మీద మెరిసే వస్తువు ఏదీ ఉంచలేదు. వాచీ, ఉంగరం కూడా తీసి జేబులో వేసుకుంటాను. కిరణాన్ని ఎప్పుడూ నడుము ఎత్తులోనే ఉంచుతాను, కూర్చున్న మనిషి కళ్లకు గానీ నిలబడ్డ మనిషి కళ్లకు గానీ అందకుండా.

ఎప్పుడైనా పెద్ద డయోడ్ ముట్టుకునే రోజు వస్తే, ముందు కళ్లద్దాలు కొను, తర్వాతే డయోడ్. అద్దం మీద ఏ నానోమీటర్లకు ఎంత ఓడీ (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని అచ్చు వేసి ఉండాలి. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి పోనిస్తుంది. నీలానికి నారింజ రంగువి, ఎరుపుకు నీలి ఆకుపచ్చవి. ఎరుపు కోసం కొన్నవి నీలానికి పనిచేయవు. ఎండకు పెట్టుకునే కూలింగ్ గ్లాసులు దేనికీ పనికిరావు. డయోడ్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ప్లాస్టిక్ అద్దాల మీద అచ్చు ఏమీ లేకపోతే వాటిని నమ్మకు. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాయింటర్ వాడనప్పుడు బ్యాటరీ తీసి వేరే చోట పెట్టు.

అన్నీ ఒకేరోజు తలకెత్తుకోకు. ఈ వారం ఎల్‌ఎం317, మూడు 1ఎన్4007లు, 1 ఓం రెసిస్టర్, ఇవి చాలు. లేజర్ డయోడ్ ఇంకా కొనకు. ఆ 1 ఓం మీద ఎన్ని మిల్లీవోల్టులు వచ్చాయో, స్విచ్ పదిసార్లు వేస్తే అంకె కదిలిందో లేదో రాయి. ఆ మసక డయోడ్ మీద ఎన్ని వోల్టులు చూపించిందో కూడా రాయి. అది 2 లోపు వస్తే ఆ డయోడ్ ఇంకా బతికే ఉండొచ్చు. అప్పటిదాకా కాళ్లు కలిపి చుట్టి, డబ్బాలో పెట్టి మూత వెయ్యి.